తాటిచెట్టు మీద పసుపు

వన్ టౌన్‌లో సుబ్బరత్నం టీకొట్టు గోడకి రెండు అట్టలు వేలాడుతుంటాయి. ఒకదాని మీద "మాటలు తక్కువ, పని ఎక్కువ" అని ఉంటుంది. ఎమర్జెన్సీ వచ్చిన కొత్తలో ఎవరో వచ్చి, అడక్కుండానే మేకు కొట్టి తగిలించిపోయారు. రెండోదాని మీద "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని సుబ్బరత్నమే భయపడి రాయించింది. ఈ రెండు అట్టలకీ సరిగ్గా నడుమ, గోడకి వీపు ఆనించి, రోజూ పొద్దున్నే వీరభద్రరావు కూర్చుంటాడు. ఇనుప కొట్లో గుమాస్తా. రాజకీయాలు మాట్లాడడు. మిగతావన్నీ మాట్లాడతాడు. దేశమంతా నోటికి తాళం వేసుకున్న ఆ ఏడాది బెజవాడలో బెదురు లేకుండా ఆడిన నోరు ఆయనదే. కోతల మీద అప్పటికింకా నిషేధం రాలేదు.

ఆ వైశాఖమాసపు పొద్దున ఆయన ఎదుటి బల్ల మీద సొలొమోను మాస్టారు కూర్చున్నాడు. మిషన్ హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో స్టాంపు కాగితం. యనమలకుదురు దిగువన, కృష్ణ ఒడ్డున, కరకట్టకీ ఏటికీ మధ్య ఎవరో కొత్తగా ఇళ్ళ స్థలాలు వేశారు. అన్నీ పోయి ఒక్కటి మిగిలింది. దాని పక్కది వీరభద్రరావుది. పన్నెండు గంటలకి అమ్మేవాళ్ళ మనిషి ఈ కొట్టుకే వస్తాడు. మాస్టారు అగ్రిమెంటు మీద సంతకం పెడితే, ప్రావిడెంటు ఫండు కాస్తా అందులోకి పోతుంది. పెట్టకపోతే ఇంటికి వెళ్ళి అమలమ్మ మొహం చూడాలి. పెళ్ళయ్యాక పదకొండు అద్దె కొంపలు మారిన ఇల్లాలు ఆమె. "మన గుమ్మం అని ఒకటి కడగాలని ఉందండీ" అని పొద్దున్నే సంచి చేతికిచ్చి పంపింది.

మాస్టారికి ఉన్న సందేహాలు రెండే. అక్కడికి వరద వస్తుందా? అక్కడ ఇల్లు కట్టుకోవడానికి రూలు ఒప్పుకుంటుందా? రెండు ముక్కల్లో తేలిపోయే సంగతి. పోయిపోయి వాటిని వీరభద్రరావుని అడిగాడు.

"మాస్టారూ, మీరు అడగాల్సిన మనిషినే అడిగారు. ఈ బెజవాడలో స్థలాలు కొన్నవాళ్ళు లక్షమంది ఉంటారు. కొనేముందు వరద రూలు చూసినవాణ్ణి నేనొక్కణ్ణి. పెద్ద ఘనకార్యం చేశానని చెప్పటంలా. మామూలుగానే వెళ్ళాను. కరకట్ట ఆఫీసుకి వెళ్ళి, అయ్యా, ఫలానా చోట స్థలం తీసుకుంటున్నా, వరద సంగతేమిటి అని అడిగాను. అంతే."

మాస్టారికి కాస్త ధైర్యం వచ్చింది. అంతవరకు ఏ మనిషైనా చెయ్యగలిగిన పనే.

"గుమాస్తా రేపు రమ్మన్నాడు. నేనూ గుమాస్తానేగా, రేపంటే ఏమిటో నాకు తెలీదూ. బల్ల మీద కూర్చున్నా. పదకొండయింది, పన్నెండయింది, నేను కదల్లా. చివరికి వాడికే విసుగొచ్చి ఫైలు తెప్పించాడు. ఎంత ఫైలనుకున్నారు?"

"ఎంతేమిటండీ?" అంది సుబ్బరత్నం టీ తిరగబోస్తూ.

"రెండు రిక్షాల్లో వచ్చింది. దొరలు ఆనకట్ట కట్టిన నాటినుంచీ ఏ ఏడు ఎంత నీరొచ్చిందీ, ఎన్ని గేదెలు కొట్టుకుపోయినయ్యీ, ఏ గేదె ఎవరిదీ, ఎన్ని శేర్లిచ్చేదీ, సమస్తం అందులో ఉంది. అంతా ఇంగ్లీషు. చదవటం మొదలెట్టా. ఆఫీసువాళ్ళు మర్యాదకి నాకో టీ తెప్పించారు. ఆ టీ చల్లారేలోగా ఆఖరి పేజీ తిప్పా."

వీరభద్రరావు స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పిన సంగతి మాస్టారికి తెలుసు. రెండోసారి పేపరు దిద్దింది ఆయనే.

"ఇంగ్లీషులో, అంత తొందరగానా?" అన్నాడు.

"ఇంగ్లీషు కాబట్టే అంతసేపు పట్టింది మాస్టారూ, తెలుగయితే టీ వచ్చేలోగానే అయిపోయేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసరుగారు గదిలోంచి వచ్చి, ఏవండీ, పధ్నాలుగేళ్ళబట్టీ ఈ కుర్చీలో ఉన్నా, ఈ రూలు నాకే బోధపళ్ళా, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి అని తన కుర్చీ నాకిచ్చి, తను నా బల్ల మీద కూర్చున్నాడు. ఆయన బంట్రోతు నాకు విసనకర్రతో విసురుతున్నాడు."

"ఇంతకీ రూలు ఏమిటండీ?"

"రూలు చాలా తేలిక. కరకట్ట లోపల ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. అది వరద పారే దారి."

మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "మన స్థలాలు కట్ట లోపలేగా?"

"అక్కడే ఉంది కిటుకు. లోపలంటే ఏది? మీరు బెజవాడలో నిలబడి చూస్తే ఏరు కట్టకి అవతల. అవతలంటే బయటే గదా. ఏట్లో నిలబడి చూస్తే ఊరు బయట, మీరు లోపల. మరి రూలు రాసిన దొర ఎక్కడ నిలబడి రాశాడు? అది ఫైల్లో లేదు. ఇన్నేళ్ళలో ఎవడూ అడగలా. నేను అడిగాను. ఆఫీసరుగారికి చెమటలు పట్టినయ్యి."

మాస్టారు బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి ఒక గీత గీశాడు. ఇది కట్ట. ఇటు ఊరు. అటు ఏరు. ఈ చుక్క స్థలం. గీత సరిగ్గానే ఉంది. వీరభద్రరావు మాట గుర్తొస్తే మటుకు చుక్క ఒకసారి లోపలికి పోతోంది, ఒకసారి బయటికి వస్తోంది. వృత్తం లోపలి బిందువు, వెలుపలి బిందువు అని ఎన్ని వందలమంది పిల్లలకి చెప్పాడో. ఇప్పుడు ఆయనకే లోపలేదో, వెలుపలేదో తెలియకుండా పోయింది. గీత ఆరిపోయింది. మళ్ళీ గీశాడు.

"మాకు మటుకు లోపలే అన్నారండీ బాబుగారూ" అన్నారెవరో.

గుమ్మం మెట్టు మీద కూర్చున్న గంగారత్నం. రోజూ తొలి బస్సుకి కంకిపాడు నుంచి వచ్చి, చేపలు అమ్ముకుని, ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని ఒక టీ తాగి పోతుంది. ఎప్పుడూ మాట్లాడే మనిషి కాదు.

"ఎవరికన్నారు?" అన్నాడు మాస్టారు.

"మాకేనండి. ఆ స్థలాలేసిన చోటే మా గుడిసెలుండేవి. ఇరవై రెండు గుడిసెలు. మా మావ పుట్టింది అక్కడే, పోయింది అక్కడే. కార్తీకం ఎళ్ళగానే జీపేసుకొచ్చి, ఇది కట్ట లోపల, ఇక్కడ ఉండకూడదు, వరదొస్తే చస్తారు, రూలు అని పీకేశారు. కంకిపాడు అవతల మెరకలో ఇళ్ళపట్టాలంటూ దింపేసి పోయారు. కాలవ పక్కన కూడా కాదండి, శుద్ధ మెరక. వలలేసేవాళ్ళం వలలు ఎక్కడేసుకుంటాం? ఇప్పుడు ఒకళ్ళు పట్టిన చేపల్ని కొని అమ్ముకుంటున్నా."

దున్నేవాడిదే భూమి అని ఈ ఊళ్ళో గోడగోడకీ రాశారు. వల వేసేవాడిదే ఏరు అని ఏ గోడ మీదా ఎవడూ రాయలేదు. చట్టం ముందు అందరూ సమానులే అని, సోషల్ మాస్టారు సెలవు పెట్టినప్పుడల్లా సొలొమోను మాస్టారే ఎనిమిదో తరగతికి చెప్పి వచ్చేవాడు. చెప్పినప్పుడు అందులో ఏ చిక్కూ కనపడలేదు. కార్తీకంలో లోపలున్న చోటు ఉగాదికల్లా బయటికెట్లా వచ్చిందో ఇప్పుడు ఎంత గీసినా తెగడం లేదు.

"అవి గుడిసెలే గంగారత్నం," అన్నాడు వీరభద్రరావు. "గుడిసెలకి వేరు, స్లాబు ఇళ్ళకి వేరు. కృష్ణమ్మకి ఆ మాత్రం తెలీదూ, తాటాకేదో సిమెంటేదో."

"అయితే వరద రాదని మీకు కాగితం ఇచ్చారా బాబుగారూ? ఇస్తే అట్లాంటిది మాకూ ఒకటి ఇప్పించండి. సిమెంటు మేమూ కలుపుకుంటాం."

సుబ్బరత్నం నవ్వు ఆపుకోవడానికి పొయ్యిలోకి వంగింది. వీరభద్రరావు మాత్రం తొణకలేదు. సెగ తగిలేకొద్దీ బెల్లం పాకంలా సాగే మనిషి ఆయన.

"కాగితం దేనికే? కాగితాన్ని నమ్మేవాణ్ణయితే ఆఫీసులోనే సరిపెట్టుకునేవాణ్ణి. నేను వరదని పిలిచి పరీక్షించా. పోయిన శ్రావణంలో వచ్చిందే పెద్ద నీరు, అప్పుడు."

"మీరు కొంది ఉగాదికి గదా అన్నయ్యగారూ?" అంది సుబ్బరత్నం.

"కొన్నాక పరీక్షించేవాణ్ణి ఏమంటారమ్మాయ్? కొనకముందే పరీక్ష. బ్యారేజీ గేట్లు ఎత్తబోతూ నా దగ్గరికి మనిషిని పంపారు, వీరభద్రరావుగారూ, ఎత్తమంటారా, ఆపమంటారా అని. ఎత్తండి, అన్నీ ఎత్తండి, పరీక్షంటే పరీక్షే అన్నా. స్థలం నడుమ కుర్చీ వేసుక్కూర్చున్నా. చేతిలో దస్తావేజు చిత్తు. వచ్చిందండీ నీరు. నీరు కాదది, నిలువుగోడ. ఆ గోడలో పాకలు, దూలాలు, గడ్డివాములు. ఒక వాము మీద పెళ్ళివారు. సన్నాయి మటుకు ఆపలా, పాపం బయానా పుచ్చుకున్నారు గదా. ఆ గోడ గోడంతా వచ్చి సరిగ్గా నా హద్దురాయి దగ్గర నిలబడింది. నేను కుర్చీలోంచి లేవలా. దస్తావేజు విప్పి చదివా. తూర్పు ఫలానావారి స్థలం, పడమర పుంత దారి, ఉత్తరం కరకట్ట, దక్షిణం కృష్ణానది. విన్నావుగా తల్లీ, నువ్వు నా దక్షిణపు హద్దువి, హద్దన్నది కదలకూడదు, కదిలితే క్రిమినల్ కేసవుతుంది అన్నా. అంతే. నా చెప్పు తడిస్తే ఒట్టు."

"ఆ శ్రావణంలో మేం అక్కడే ఉన్నామండీ," అంది గంగారత్నం. "మీరు కనపళ్ళేదే."

"గోడకి అవతల నువ్వు, ఇవతల నేను. ఎట్లా కనపడతా?"

ఇద్దరూ ఉన్నది ఒకే స్థలంలో గదా అని మాస్టారు అడగబోయాడు. అయితే అవతల అన్నమాట వినేసరికి మళ్ళీ భయమేసింది. ఎవరు ఎక్కడ నిలబడి అవతల అంటున్నారో తేల్చుకునేలోగా వీరభద్రరావు కథ దాటిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు సంగతి అప్పుడు జరిగింది. కృష్ణమ్మ మాత్రం తక్కువదా? పైనుంచి రానివ్వకపోతే కిందనుంచి వచ్చింది. అట్టు కింద అట్లకాడ దూర్చినట్టు స్థలం అడుక్కి దూరి, మొత్తంగా పైకి లేపేసింది. నాలుగు హద్దురాళ్ళు, నడుమ కుర్చీ, కుర్చీలో నేను, మూలనున్న తాటిచెట్టు, అందరం బయల్దేరాం. తోట్లవల్లూరు దాటాం. ఏటి ఒడ్డున శ్రీకాకుళం దాటాం. ఒడ్డున జనం దండాలు పెడుతున్నారు, కొందరు స్థలం సెంటెంత అని కేకలేసి అడుగుతున్నారు. నేను బేరం చెప్పలా. పులిగడ్డ అక్విడక్టు దగ్గర కాలవ లస్కరు ఎర్రజెండా ఊపాడు. చెట్టు తగులుతుందండీ, కింద పట్టదు అన్నాడు. నేను చెట్టుకేసి చూసి, వంగు అన్నా. వంగింది. ఇప్పటికీ ఆ వంపు అట్లాగే ఉండిపోయింది. మాస్టారు చూశారుగా?"

మాస్టారు మొన్న ఆదివారం వెళ్ళి చూసొచ్చాడు. వీరభద్రరావు స్థలం మూలన తాటిచెట్టు ఉంది. ఏటివైపు కొంచెం వంగే ఉంది. అదే ఆయన ఖర్మ. అన్నీ అబద్ధాలయితే లేచి వెళ్ళిపోవచ్చు. నడుమ నడుమ ఇట్లా ఒక వంపు తిరిగిన చెట్టు నిజంగా కనపడుతుంటే మనిషి ఎక్కడని లేస్తాడు?

"హంసలదీవి దగ్గర సముద్రుడు ఎదురొచ్చాడు. ఈ స్థలం ఎవరిదీ అని ఒక కెరటం లేచింది. సబ్ రిజిస్ట్రారుగారు నాటుపడవ కట్టించుకుని వచ్చి, నీళ్ళ మీదే రిజిస్టరు చేశారు. నేను సంతకం పెట్టా. సముద్రుడు సాక్షి. ఆయనకి చదువు రాదు గదా, వేలిముద్ర వేశాడు. ఆ మూల ఇప్పటికీ ఉప్పగా ఉంటుంది, కాగితం నాకి చూడండి కావలిస్తే. ఇంతలో పోటెక్కింది. పోటు మీద వెనక్కి తిరిగాం. తెల్లారేసరికి పాతచోటనే, అంగుళం తేడా లేకుండా దిగింది. కాకపోతే మూడు సెంట్లు పెరిగింది."

"ఎట్లా పెరిగిందండీ?"

"దోవలో ఒండ్రు అంటుకుంది మాస్టారూ. దానికి నేను డబ్బేం కట్టలా."

"చేపలేం ఎక్కలేదా అన్నయ్యగారూ, అంతదూరం పోయొచ్చారు?" అంది సుబ్బరత్నం.

"మూడు బస్తాల రొయ్యలు. ఒడ్డున పంచిపెట్టా. నువ్వు ఆ రోజు కొట్టు తియ్యలా."

సుబ్బరత్నం గ్లాసులు కడుగుతూ, "పంచిపెట్టిన రొయ్యల వాసన కూడా మా ఇంటిదాకా రాలేదండీ" అంది.

వీరభద్రరావు వినిపించుకోలేదు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే పెద్దది రాబోతోందని లెక్క.

"ఆఫీసరుగారు మర్నాడు నా కోసం జీపు పంపి, మీ స్థలం మినహా అని రూల్లో ఒక ముక్క చేర్చేస్తాం, ముసాయిదా మీరే రాయండి అన్నారు. రాసిచ్చా. ఈసారి వరద వచ్చేముందు నాకు ఉత్తరం రాస్తుంది. ఇదంతా మీరు నమ్మరు. నాకు తెలుసు. కోతలంటారు. సరే. అన్నీ తీసి పక్కన పెట్టండి. ఒక్క సాక్ష్యం చెబుతా, దానికి జవాబు చెప్పండి. మాస్టారూ, ఆ తాటిచెట్టు మీద పసుపు చూశారా, లేదా?"

"చూశాను" అన్నాడు మాస్టారు.

చూశాడు నిజంగానే. చూసినప్పుడే ఆశ్చర్యపడ్డాడు. తాటిమాను నల్లటి బెరడు మీద, బాగా ఎత్తున, అరచేయంత పసుపు. పసుపు నడుమ కుంకం బొట్టు. వానకి కాస్త వెలిసినా స్పష్టంగా ఉంది. లెక్కల మనిషి గదా, గొడుగు మానుకి ఆనించి, కంటితో గొడుగు మీద గొడుగు పేర్చి చూశాడు. నాలుగు గొడుగులు. గొడుగు మూడడుగులు. పన్నెండు అడుగులు.

"ఎంత ఎత్తుంది?"

"పన్నెండు అడుగులు."

"విన్నావా సుబ్బరత్నం? నేను చెబితే కోత. మాస్టారు చెబితే లెక్క. పన్నెండు అడుగుల ఎత్తున, పట్టుకోవడానికి ఆకులేని మాను మీద, పసుపు ఎవరు పెట్టారు? కల్లుగీసేవాడు పెట్టడు, అది కల్లు చెట్టు కాదు, ఎండుమోడు. నిచ్చెన వేసుకుని దేవుడికి బొట్టు పెట్టినవాళ్ళని మన దేశంలో ఎక్కడైనా చూశారా? ఆ స్థలం తిరిగొచ్చిన రోజున గంగమ్మ తల్లి స్వయంగా పైకి లేచి, నా స్థలానికి బొట్టుపెట్టి పోయింది. ఈ గడప దాటి రాను అని. ఆడపడుచుకి బొట్టుపెట్టి సాగనంపినట్టు. ఇంక ఆ రూలెందుకు, ఆఫీసెందుకు?"

మాస్టారు తలెత్తి గోడకేసి చూశాడు. గడియారం పన్నెండుకి పావు తక్కువ చూపిస్తోంది.

మాస్టారి బుర్ర అప్పటికి కట్ట లోపలికీ బయటికీ తిరిగి తిరిగి అలిసిపోయింది. స్థలం సముద్రం దాకా పోయిరాలేదని ఆయనకి తెలుసు. పెళ్ళివారు, రొయ్యలు, సముద్రుడి వేలిముద్ర, అవన్నీ కొట్టివేతలు. లెక్కలో పిల్లలు తప్పు అంకెలు కొట్టేసినట్టు ఒక్కొక్కటే కొట్టేశాడు. కొట్టేయగా కొట్టేయగా చివరికి కొట్టెయ్యలేనిది ఒక్కటి మిగిలింది. పసుపు. అది ఆయన కళ్ళతో చూసింది, గొడుగుతో కొలిచింది. ఎవరో అక్కడ దణ్ణం పెట్టుకున్నారు. దణ్ణం పెట్టుకునే చోటు చెడ్డచోటు ఎందుకవుతుంది? ఆయన చర్చికి పోయే మనిషే, అయినా పసుపు కుంకం కనపడితే అక్కడ చెప్పులు విప్పే పెంపకం ఆయనది. మునిగిపోయేవాడికి దొరికిన కొమ్మలా ఆ పన్నెండు అడుగుల్ని పట్టుకున్నాడు. సంచిలోంచి స్టాంపు కాగితం తీసి, బల్ల తడి లేనివైపు పరిచాడు. కలం మూత విప్పాడు.

"ఆ పసుపు నేను పెట్టిందేనండి," అంది గంగారత్నం.

వీరభద్రరావు నవ్వాడు. "నువ్వా? పన్నెండు అడుగుల ఎత్తున? నిచ్చెన వేశావా?"

"నిచ్చెనెందుకండీ. పడవలో కూర్చుని పెట్టా."

సుబ్బరత్నం చేతిలో గ్లాసు అట్లాగే ఆగింది.

"నీళ్ళు ఎక్కటం ఆగిన రోజున గంగమ్మకి బొట్టు పెడతామండి. ఇక చాలు తల్లీ, ఇక్కడితో ఆగు అని. చెట్టుకి పెడితే తల్లికి పెట్టినట్టే. ఏ ఏటికి ఆ ఏడు పెడతాం. సరిగ్గా చూడండి, ఆ మాను మీద కిందా పైనా పాతవి ఇంకా ఉంటయ్యి. ఇంకొంచెం పైన మా అత్త పెట్టింది కూడా ఉంటది."

"ఇంకా పైనా?" అన్నాడు వీరభద్రరావు.

"నీళ్ళొస్తున్నయ్యని తెలియగానే తాటాకులు, వాసాలు విప్పి పడవలో వేసుకునేవాళ్ళం. పిల్లల్ని, కోళ్ళని ఎక్కించి ఆ చెట్టుకే మోకు కట్టుకునేవాళ్ళం. మూడు రోజులో, నాలుగు రోజులో. తగ్గినాక మళ్ళీ దిగి కప్పుకునేవాళ్ళం. లాగీ లాగీ ఆ చెట్టు వంగిపోయింది."

చెట్టు వంపు కూడా పోయింది. మాస్టారు కలం మూత పెట్టేశాడు.

వీరభద్రరావు గోడ మీదనుంచి వీపు తీసి ముందుకి వంగాడు. ఆయన మొహంలో ఎన్నడూ లేని ఒక శ్రద్ధ కనిపించింది. "పోయిన శ్రావణంలో పెట్టిందేనా అది? పాతదయ్యుండదా?"

"పాతవాటికి కుంకం వెలిసిపోయుంటదండీ. పోయిన శ్రావణమే."

"పడవలో కూర్చుని పెట్టావా, నిలబడి పెట్టావా?"

"కూర్చునేనండి. ఏరు అంత వడి మీదుంటే పడవలో ఎవరన్నా నిలబడతారా?"

"చెయ్యి బాగా పైకెత్తి పెట్టుంటావు."

గంగారత్నం కూర్చున్న చోటనే చెయ్యి చాపి చూపించింది. భుజం ఎత్తుకి మించలేదు.

"మాస్టారూ," అన్నాడు వీరభద్రరావు నెమ్మదిగా, "మీరు లెక్కల మనిషి. అదెంతవుతుంది?"

పొద్దుటినుంచీ ఆ కొట్లో మాస్టారికి చేతనయిన లెక్క ఇదొక్కటే వచ్చింది. పన్నెండులోంచి రెండు తీసేశాడు. పడవలో కూర్చున్న మనిషి చెయ్యి నీళ్ళ మీద రెండడుగులకి మించి ఉండదు.

"పది అడుగులు" అన్నాడు. లోపల, బయట అన్న చిక్కు కూడా ఆ పదితోనే విడిపోయింది. కట్ట ఎక్కడుందో, రూలు ఎవరికి ఎట్లా తిరిగిందో ఎట్లాగైనా పోనీ. నీళ్ళు పది అడుగులు.

వీరభద్రరావు పదేళ్ళుగా ఆ గోడకి ఆనుకుని చెప్పిన మాటలన్నిటికీ తోకలుండేవి. ఇప్పుడన్న మాటకి తోక లేదు. "మా ఇంటావిడ లక్ష్మీనరసమ్మకి పుట్టింటివాళ్ళిచ్చిన మెరక ఉండేది మాస్టారూ, కంకిపాట్లో. అది అమ్మించి కొన్నాను."

సుబ్బరత్నం అడక్కుండానే ఆయన ముందు ఒక గ్లాసు పెట్టింది.

"ఆఫీసుకి వెళ్ళారా, అసలు?" అన్నాడు మాస్టారు.

"వెళ్ళాను. గుమాస్తా రేపు రమ్మన్నాడు. అది నిజమే." టీ ముట్టుకోకుండా గ్లాసు చుట్టూ వేళ్ళు పెట్టుకున్నాడు. "రేపు మళ్ళీ వెళ్ళలా. ఏమంటారోనని."

మాస్టారు స్టాంపు కాగితాన్ని వచ్చిన మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అమ్మేవాళ్ళ మనిషి వస్తే ఒక్క ముక్కలో వద్దని చెప్పెయ్యొచ్చు, అమలమ్మకి ఏం చెప్పాలో ఇంకా తెలియలేదు. గుమ్మం లేదని చెప్పాలి. పన్నెండో అద్దె కొంప వెతకాలి. అయినా ఆయన గుండెలోంచి ఏదో బరువు దిగింది. దిగినదేదో ఎదురుగా ఉన్న మనిషి భుజాల మీదికి ఎక్కినట్టు ఆయనకి కనపడుతూనే ఉంది.

గంగారత్నం బుట్ట ఎత్తుకుంది. పన్నెండింటి బస్సు తప్పిపోతే మళ్ళీ మూడింటికిగాని లేదు.

"గంగారత్నం," అన్నాడు వీరభద్రరావు. ఈసారి పూర్తిగా ఆమెకేసి తిరిగాడు. "మరి మీరెవరూ మునగలేదూ, అన్నేళ్ళలో?"

"మేమెందుకు మునుగుతామండీ. మాకు పడవలున్నయ్యిగా."

"ఇప్పుడా పడవ ఎక్కడుంది?"

"కంకిపాట్లో ఉందండి. మాతోపాటే లారీలో ఎక్కించుకుపోయాం. మెరకలో బోర్లించి పెట్టాం. చెట్టన్నది లేదక్కడ, ఎండకి పిల్లలు దాని కింద పడుకుంటున్నారు."

ఆయన ఆలోచించాడు. శ్రావణానికి ఇంకా రెండు నెలల పైచిలుకు ఉంది. గోడ మీద అట్ట గాలికి ఒకసారి ఊగి, మళ్ళీ మేకు మీద నిలబడింది.

"ఆ పడవ అమ్ముతారా?" అన్నాడు.

"అమ్మమండీ," అని గంగారత్నం బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సుకి వెళ్ళిపోయింది.